ఎవరినీ అడగకుండా వచ్చే రూపాయి

కృత్రిమ మేధ వచ్చి ఉద్యోగాలు ఊడగొడుతుందని, అప్పుడు ప్రతి మనిషికీ ప్రభుత్వమే నెలకింతని ఇవ్వక తప్పదని ఇప్పుడు చాలామంది అంటున్నారు. దీనికే సార్వత్రిక కనీస ఆదాయం అని పేరు. బీదా బిక్కీ, ఉన్నవాడూ లేనివాడూ అని చూడకుండా, పని చేస్తున్నావా లేదా అని ఆరా తీయకుండా, షరతు ఏదీ పెట్టకుండా, క్రమం తప్పకుండా చేతికిచ్చే నగదు. మా ఇంట్లో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే పిల్లలు పండక్కి వస్తే ఈ మధ్య ఇదే చర్చ. “అమ్మమ్మా, నువ్వు బ్యాంకులో చేశావు కదా, ఇది అయ్యే పనేనా?” అంటారు.

నేను ఆర్థికవేత్తను కాను. డెబ్బయ్యో దశకం చివర్లో గుమాస్తాగా చేరి, పెద్ద నోట్లు రద్దయిన ఏడాది రిటైరైన మామూలు బ్యాంకు ఉద్యోగిని. కాకపోతే ఈ వ్యవహారం రెండు కొసలూ చూశాను. మా బల్లల మీదికి కంప్యూటర్లు రావడం చూశాను, ప్రభుత్వం వేసిన డబ్బు కోసం జనం మా కౌంటర్ ముందు బారులు తీరడమూ చూశాను. ఆ రెండు చోట్లా నేర్చుకున్నవి ఇవి.

1. యంత్రం కూర్చున్నవాళ్లను లేపదు, నిలబడ్డవాళ్లను కూర్చోనివ్వదు

కంప్యూటర్లొస్తే వీధిన పడతామని మా యూనియన్లు బ్యాడ్జీలు పెట్టించి, గేటు ముందు నినాదాలు ఇప్పించిన రోజులున్నాయి. 1983లో ఒక ఒప్పందం, 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక, 1993లో ఇంకో ఒప్పందం. ఇలా బేరసారాల మధ్యే యంత్రం మెల్లగా లోపలికొచ్చింది. ముందు లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు, తర్వాత బ్రాంచి మొత్తానికి కంప్యూటర్లు, చివరికి దేశమంతా ఒకే తాడున కట్టిన కోర్ బ్యాంకింగ్.

కంప్యూటర్ వచ్చిందన్న కారణంతో మా బ్రాంచిలో ఎవరినీ ఇంటికి పంపలేదు. కానీ రిటైరైనవాళ్ల కుర్చీల్లోకి కొత్తవాళ్లు రాలేదు. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి లక్ష మంది దాకా వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లు చేతి నిండా డబ్బు తీసుకుని వెళ్లారు. ఉన్నవాళ్లకు జీతాలు పెరుగుతూనే వచ్చాయి. నష్టమంతా డిగ్రీ పట్టుకుని, బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లలో నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాచేలా చూసిన పిల్లలది. ఊడిన ఉద్యోగానికి పరిహారం అడగడానికి యూనియన్ ఉంటుంది. అసలు రాని ఉద్యోగానికి ఎవరి గుమ్మం ఎక్కాలి? కనీస ఆదాయం మాట వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పిల్లలే. రేపు కృత్రిమ మేధ దెబ్బ కూడా ముందుగా తగిలేది సీటులో ఉన్న సీనియర్లకు కాదు, క్యాంపస్ ఇంటర్వ్యూ కోసం ఎదురుచూసేవాళ్లకేనని నా అనుమానం.

2. పని మిగులుతుంది, నెల జీతమే పోతుంది

బ్యాంకు పని నిజంగా తగ్గిందా అంటే, లేదు. చేతులు మారింది. ఇప్పుడు ఊళ్లో రచ్చబండ పక్కన చిన్న మిషను పెట్టుకుని బ్యాంక్ మిత్ర కూర్చుంటాడు. డబ్బు కట్టించుకోవడం, లెక్కపెట్టి ఇవ్వడం, రసీదు చేతిలో పెట్టడం, కోప్పడే ముసలాయనకు సర్దిచెప్పడం, అన్నీ ఒకప్పుడు నేను చేసిన పనులే. నాకు జీతం, డీఏ, సెలవులు, ప్రావిడెంట్ ఫండు ఉండేవి. అతనికి లావాదేవీకి ఇంతని కమీషన్. సిగ్నల్ లేని రోజు సంపాదనా లేదు.

పొలంలోనూ ఇదే వరస. వరి కోత మిషను వచ్చాక కోత, కుప్ప, నూర్పు అన్న మూడు పనులూ ఒక్క పూటలో తెమిలిపోతున్నాయి. ఆ మూడింటి మీద నెలల తరబడి బతికిన ఆడకూలీల ముఠాలు ఇప్పుడు పత్తి తీతకు, మిరప కోతకు ఆటోల్లో, ట్రాలీల్లో జిల్లాలు దాటి పోతున్నాయి. పని ఉంది. ఎక్కడుంటుందో, ఎన్నాళ్లుంటుందో మాత్రం తెలియదు. యంత్రాలు పనిని మింగేస్తాయా అని పెద్దలు వాదించుకుంటున్నారు గానీ, కూలి ఇంట్లో ఆడమనిషి అడిగేది వేరు: వచ్చే నెల ఎంతొస్తుంది? కనీస ఆదాయం జవాబివ్వాల్సింది ఈ ప్రశ్నకే.

3. యంత్రం మిగిల్చింది దానంతటదే అందరికీ చేరదు

దీన్ని నాకు అర్థమయ్యేలా చేసింది పొదుపు ఖాతా వడ్డీ. పాత నిబంధన ప్రకారం నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ కట్టేవాళ్లం. ఖాతాలో నెల మొదటి రోజునుంచీ పదివేలు ఉన్నా, 28న తొమ్మిది వేలు తీస్తే ఆ నెలంతటికీ వెయ్యి మీదే వడ్డీ. అన్యాయమని ఖాతాదారులు మా మీద విసుక్కునేవారు. చేత్తో రాసే రోజుల్లో దానికో సాకుండేది: అన్ని లెడ్జర్లకు ఏ రోజు నిల్వ మీద ఆ రోజు వడ్డీ లెక్కగట్టాలంటే మేం ఇంటికి వెళ్లే పనే ఉండదు. అర్ధ సంవత్సరం ముగింపుకే రాత్రి పొద్దుపోయేదాకా లెడ్జర్ల ముందు కూర్చునేవాళ్లం.

కంప్యూటర్ వచ్చాక ఆ సాకు పోయింది. నిబంధన మాత్రం పోలేదు. రోజువారీ నిల్వ మీదే వడ్డీ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించాక, 2010 ఏప్రిల్ 1 నుంచి గానీ మారలేదు. మధ్యలో అన్నేళ్లూ యంత్రం ఆదా చేసిన శ్రమ బ్యాంకు లాభంలోకి పోయింది, ఖాతాదారుడికి పైసా రాలేదు. టెక్నాలజీ పెరిగితే సంపద తనే కిందికి దిగుతుందని ఎవరన్నా అంటే నేను ఈ కథే చెబుతాను. ఎవరో ఒకరు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తేదీ వేస్తే తప్ప దిగదు.

అలాస్కాలో అలా రాసిపెట్టుకున్నారు. నేలలోంచి వచ్చే చమురు ఆ రాష్ట్ర ప్రజలందరిదని ఒక నిధి ఏర్పాటు చేసి, 1982లో తలకు 1,000 డాలర్ల చొప్పున మొదటి డివిడెండు పంచారు. పసిపిల్లలకూ వాటా ఉంటుంది. ఒక ఏడాది ఎక్కువ, ఒక ఏడాది తక్కువ అయినా ఇప్పటికీ వస్తోంది. అక్కడ దాన్ని దానమని ఎవరూ అనరు, వాటా అంటారు. మనందరి రాతలు, మాటలు, బొమ్మలు నూరిపోస్తేనే తయారైన కృత్రిమ మేధ మీద మనకూ ఒక వాటా ఉండాలనడం అత్యాశ అని నాకు అనిపించడం లేదు.

4. ఎంత అన్నదానికన్నా ఏ తేదీన అన్నది పెద్ద విషయం

ఒక బ్రాంచిలో నా కౌంటర్‌కు నెలనెలా ఒక పెద్దావిడ వితంతు పింఛను కోసం వచ్చేది. “అమ్మాయ్, చిల్లరగా ఇయ్యవే” అనేది. ఇచ్చిన నోట్లను అక్కడే బెంచీ మీద కూర్చుని మూడు భాగాలు చేసేది. ఒక మడత కొంగు ముడిలోకి, ఒకటి మందుల చీటీతో కలిపి ప్లాస్టిక్ కవర్లోకి, మూడోది రవికెలోకి. కొంగు ముడి కిరాణా కొట్టుకు, కవరు మందుల షాపుకు. మూడోది దేనికో ఎవరికీ చెప్పేది కాదు, కోడలికి అసలే చెప్పేది కాదు.

ఒక నెల పింఛను ఆలస్యమైంది. ఆవిడ నన్ను అడిగింది డబ్బు గురించి కాదు. “ఎప్పుడొస్తదో ఒక తేదీ చెప్పు తల్లీ, కొట్టోడికి చెప్పుకోవాలి” అంది. ఫలానా రోజు డబ్బు పడుతుందని ఊరందరికీ తెలిస్తేనే కొట్టువాడు పద్దు రాస్తాడు. ఆ నమ్మకం పోతే వారం వడ్డీవాడి దగ్గరికి పోవాలి. ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తేదీన ఇంటి గుమ్మం దగ్గరే పింఛను ఇస్తున్నారు. 2024 జూలై నుంచి అది 4,000 రూపాయలు. ఆ మొత్తానికి ఎంత విలువుందో ‘ఒకటో తేదీ’ అన్న మాటకూ అంతే విలువుంది.

దీనికి వ్యతిరేక అనుభవం మా స్వచ్ఛంద పదవీ విరమణ మిత్రులది. ఒక్కసారిగా లక్షలు వచ్చాయి. కూతురి పెళ్లి, ఊరి చివర ప్లాటు, బావమరిది చిట్టీల కంపెనీ... చాలామందికి రెండు మూడేళ్లలో కరిగిపోయింది. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, లెక్కల్లో నన్ను మించినవాళ్లు. ఒకే ముద్దగా వచ్చిన డబ్బు మీద చుట్టాలందరి కళ్లూ పడతాయి. నెలనెలా వచ్చే చిన్న మొత్తాన్ని ఎవరూ అప్పు అడగరు.

5. ‘సోమరులవుతారు’ అన్న మాట పేదల గురించే ఎందుకంటామో ఆలోచించండి

నాకు బ్యాంకు పింఛను వస్తుంది. ఫిక్సెడ్ డిపాజిట్ల మీద వడ్డీ వస్తుంది. పై వాటా అద్దె వస్తుంది. ఈ మూడింటికీ నేను ఈ నెల చేసిన పని ఏమీ లేదు. నన్నెవరూ సోమరిపోతు అనలేదు, “అదృష్టవంతురాలు” అన్నారు. అదే డబ్బు కూలి మనిషికి ఇద్దామంటే మాత్రం వాళ్ల బద్ధకం గుర్తొస్తుంది.

పరీక్షించి చూసినవాళ్లున్నారు. 2011లో మధ్యప్రదేశ్‌లో ‘సేవ’ సంస్థ యునిసెఫ్ సాయంతో ఎనిమిది గ్రామాల్లో ప్రతి ఒక్కరికీ నగదు ఇచ్చింది. మొదట పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు. తర్వాత 300, 150 చేశారు. జనం మేకలు, కోళ్లు కొనుక్కున్నారు, సొంత చేలో ఎక్కువ పని చేసుకున్నారు, పిల్లల తిండి మెరుగైంది. ఫిన్లాండ్‌లో 2017, 2018ల్లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలిచ్చారు. ఉద్యోగాలు పెద్దగా పెరగలేదు, తగ్గనూ లేదు. మనసు మాత్రం కుదుటపడింది. అమెరికాలో వెయ్యి మందికి మూడేళ్లపాటు నెలకు 1,000 డాలర్లిస్తే వారానికి గంటా పావు పైచిలుకు పని తగ్గింది. తగ్గదని చెప్పడం అబద్ధమవుతుంది. కెనడాలోని డాఫిన్ పట్టణంలో 1970లలో ఇలాగే చేసినప్పుడు పని తగ్గించుకున్నవాళ్లలో ముఖ్యులు బాలింతలు, చదువుకునే కుర్రాళ్లు. పసిబిడ్డ తల్లి ఇంకొన్నాళ్లు ఇంటిపట్టునుంటే దాన్ని సోమరితనం అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

6. జాబితా ఉన్నచోట దేబిరించడం తప్పదు

అర్హులకే ఇవ్వాలి అనడం వినడానికి న్యాయంగా ఉంటుంది. అర్హులెవరో తేల్చే కాగితాల దగ్గరే అసలు కథ మొదలవుతుంది. మా కౌంటర్‌కు వచ్చినవాళ్లలో డబ్బు కోసం వచ్చినవాళ్లెందరో, ‘నా పేరెందుకు పోయింది’ అని అడగడానికి వచ్చినవాళ్లూ అంతమందే. ఆధార్‌లో ఇంటి పేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా. జీవితమంతా గడ్డి కోసి, గిన్నెలు తోమి వేళ్ల గీతలు అరిగిపోయినవాళ్లను మిషను మీద వేలు పెట్టమంటాం. “పడటం లేదు, ఇంకో వేలు పెట్టు” అంటాం. పదో వేలూ అయ్యాక ఆమె తన చేతులనే తప్పుచేసినవాటిలా చూసుకుంటుంది.

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. పంట పెట్టుబడికి ఎకరాకు 4,000 రూపాయల చెక్కు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా విత్తనాలు కొన్న చిన్న రైతులను నేనెరుగుదును, వాళ్లకది పెద్ద ఊరట. కానీ డబ్బు పట్టా పాస్‌పుస్తకం వెంట నడిచింది, నాగలి వెంట కాదు. ఎక్కువ భూమి ఉన్నవాడికి ఎక్కువ, కౌలుదారుకు సున్నా. మా వియ్యంకుల ఊళ్లో పట్నం నుంచి కార్లలో వచ్చి చెక్కు తీసుకుపోయిన భూయజమానులున్నారు. ఆ పొలమే దున్నుతున్న కౌలురైతు వాళ్లకు మంచినీళ్లందించాడు.

అందరికీ ఇవ్వడంలో ఉన్న గొప్ప సుఖం ఇదే. ఏ సర్పంచి ఇంటి ముందూ, ఏ ఆఫీసు వరండాలోనూ నిలబడక్కర్లేదు. ఉన్నవాడి దగ్గర ఆ డబ్బును పన్ను రూపంలో వెనక్కి తీసుకోవచ్చు. లేనివాడి దగ్గర పోయిన పరువును వెనక్కివ్వడానికి మాత్రం ఏ పద్దూ లేదు.

7. చేతిలో కాస్త ఉంటేనే ‘రాను’ అనగలం

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. కొన్నాళ్లకు మా బ్రాంచికి పంట రుణాల కోసం వచ్చే రైతులు ఒకటే గోల: కూలోళ్లు పిలిస్తే రావడం లేదు, రేటు అడుగుతున్నారు. వాళ్ల బాధ బాధే, గిట్టుబాటు లేని సేద్యంలో కూలి పెరిగితే నెత్తిన బండే. అయితే అదే కౌంటర్‌లో ఆ పథకం కూలి కోసం తమ పేరు మీద మొదటిసారి ఖాతా తెరిచిన ఆడకూలీలనూ చూశాను. సంతకం రాక వేలిముద్ర వేసి, పాస్‌బుక్ మీద తమ ఫొటో సరిగా అంటుకుందో లేదో నొక్కి చూసుకునేవాళ్లు. తరతరాలుగా ‘ఎంతిస్తే అంత’ అన్న నోరు ‘ఇంతకైతేనే’ అన్నదంటే వెనక ఆ ఖాతా ఉంది.

రేపటి పనుల్లోనూ ఇది అవసరం. అర్ధరాత్రి వానలో డెలివరీకి పొమ్మని ఫోను అదమాయిస్తే, ఇంటద్దెకు భయం లేనివాడే దాన్ని ఆపేసి పడుకోగలడు. కనీస ఆదాయం వల్ల జనం పని మానేస్తారని భయపడేవాళ్లలో కొందరి అసలు భయం, అగ్గువకు చేసేవాళ్లు దొరకరేమోనని.

8. కూడికలు తేలకుండా ఆశ పెట్టకూడదు, డబ్బు చూపి ఆసుపత్రి ఎత్తేయకూడదు

బ్యాంకులో సాయంత్రం క్యాష్ తేలకపోతే ఎవరికీ ఇల్లు లేదు. ఇక్కడా అంతే. 140 కోట్ల మందికి నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి 16.8 లక్షల కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తమే 50 లక్షల కోట్ల పైచిలుకు. అంటే మూడో వంతు. 2016-17 ఆర్థిక సర్వేలో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ దీనికి ఒక అధ్యాయమే కేటాయించారు. జనాభాలో 75 శాతానికి తలకు ఏడాదికి 7,620 రూపాయలిస్తే స్థూల దేశీయోత్పత్తిలో 4.9 శాతం అవుతుందన్నారు. ‘అందరికీ’ అని మొదలుపెట్టి పావువంతు మందిని పక్కనపెడితే గానీ లెక్క కుదరలేదు. కాబట్టి వృద్ధులతో, పసిపిల్లల తల్లులతో మొదలుపెట్టి, జాబితాలు లేకుండా ఆ వయసువాళ్లందరికీ ఇచ్చి, ఖజానా పెరిగేకొద్దీ విస్తరించడం నాకు నచ్చే దారి.

ఇంకో ప్రమాదం ఉంది. ‘నగదు ఇచ్చాం కదా’ అని మిగతావి ఎత్తేయడం. ఇరాన్‌లో 2010 చివర్లో ఇంధనం, రొట్టె సబ్సిడీలు తగ్గించి తలకు నెలకు 4.55 లక్షల రియాల్స్ ఇచ్చారు. ధరలు పెరుగుతూ పోయాయి, ఆ మొత్తం ఏళ్ల తరబడి పెరగలేదు, దాని విలువ కరిగిపోయింది. మనకు 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం గొప్పదనం అక్కడే ఉంది. బజార్లో ధర ఎంతకు పోయినా పేదింట్లో కిలో కిలోగానే ఉంది. గుండె ఆపరేషన్‌కు నెలకు వెయ్యి రూపాయలు ఏ మూలకు? దానికి 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ లాంటిదే కావాలి. బడి, ఆసుపత్రి, బియ్యం ఉంటూ, వాటి పైన నగదు వస్తేనే అది ఆదాయం.

9. పథకం ప్రకటించిన రోజే నాలుగు ప్రశ్నలు అడగండి

పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఏదో ఒక రోజు ఏదో ఒక ప్రభుత్వం ‘అందరికీ కనీస ఆదాయం’ అని ప్రకటిస్తుంది. చప్పట్లు కొట్టే ముందు అడగండి. ఒకటి, డబ్బు ఇంటి పెద్ద ఖాతాలో పడుతుందా, ఆడవాళ్లతో సహా ఎవరిది వాళ్ల ఖాతాలోనా? రెండు, ఏ తేదీన? ఆలస్యమైతే వడ్డీ ఎవరిస్తారు? మూడు, మాకు డీఏ పెరిగినట్టు ధరలతో పాటు అదీ పెరుగుతుందా? నాలుగు, ఇది చట్టమా, జీవోనా? చట్టమైతే ఆపినవాణ్ణి కోర్టుకు లాగొచ్చు. జీవో అయితే ముఖ్యమంత్రి మారగానే ముందు పేరు మారుతుంది, తర్వాత జాబితా మారుతుంది, ఆ తర్వాత తేదీ మారుతుంది.

మా తరం కంప్యూటర్లను ఆపలేకపోయింది గానీ, అవి వచ్చే ముందు బల్ల దగ్గర కూర్చుని ఒప్పందం రాయించుకుంది. అలా కూర్చుని అడగబట్టే ఈరోజు నాకు పింఛను వస్తోంది. మీ ఆఫీసుల్లో యూనియన్లు లేవు, మీ తరఫున బల్ల దగ్గర కూర్చునేవాళ్లూ లేరు. ముందు ఆ కుర్చీ సంపాదించుకోండి. నాలుగు ప్రశ్నలూ అక్కడ కూర్చుని అడిగితేనే జవాబు రాతలో వస్తుంది.